ఎర్రరాతి అంచున నీటి దారులు



నీటి ఒడ్డున నడక అనగానే మన తెలుగువాళ్ళ మనసు విశాఖ వైపు పోతుంది. సముద్రం పక్కనే భీమిలి దాకా సాగే రోడ్డు, ఋషికొండ, యారాడ కొండ మలుపులు గుర్తొస్తాయి. తెలంగాణవాళ్ళకైతే పాకాల, రామప్ప, లక్నవరం చెరువు కట్టలు గుర్తొస్తాయి. ఈ రోజు నేను మిమ్మల్ని ఆ రెండు వైపులా కాకుండా పడమటి దిక్కుకు, జహీరాబాద్ దాటించి బీదర్‌కు తీసుకెళ్తాను. కోట చూడ్డానికి, బిద్రీ సామాను కొనుక్కోవడానికి మనవాళ్ళు చాలామంది అక్కడికి వెళ్ళొస్తుంటారు. నీళ్ళ కోసం వెళ్ళేవాళ్ళు మాత్రం తక్కువ. బీదర్‌ను దాని నీళ్ళ వెంట నడిచి చూడాలి, వీలైతే సైకిల్ తొక్కి చూడాలి. అప్పుడే ఆ ఊరు అర్థమవుతుంది, ఆ ఊరితో పాటు మన ఇంటి కుళాయి కూడా అర్థమవుతుంది. ఇదే ఇవాళ నేను చెప్పదలచుకున్న మాట.

బీదర్ మనకు పరాయి ఊరేం కాదు. 1956 నవంబరు 1 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలో ఒక జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో ఆ జిల్లా మూడు ముక్కలైంది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రానికి వెళ్ళాయి. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిల్ పోను మిగిలిన జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకా నుంచి విడదీసిన న్యాలకల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. గీతలు కాగితం మీద పడ్డాయిగాని, చుట్టరికాలు, సంతలు, పెళ్ళి సంబంధాలు అలాగే ఉండిపోయాయి. బీదర్ బజార్లో ఒకే దుకాణం ముందు కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగూ వినబడతాయి. హైదరాబాదు నుంచి వికారాబాద్, జహీరాబాద్ మీదుగా రైలుంది. రోడ్డు మీదైతే జహీరాబాద్ నుంచి ముప్పై కిలోమీటర్ల దూరం.

ఇక నీళ్ళ సంగతికి వద్దాం. ముందు ఆ రాయిని చూడాలి. బీదర్ ఊరు సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన, ఒక ఎర్రటి పీఠభూమి మీద ఉంది. ఆ ఎర్రరాయి పేరు లాటరైట్. దక్కను అంతటా పరుచుకున్న నల్లరాయి, అంటే బసాల్ట్, లక్షల ఏళ్ళు ఎండకు ఎండి, వానకు నాని, కరిగేదంతా కరిగిపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి ఈ జేగురు రంగు రాయి అయింది. దీని నిండా చిల్లులే. పైన కురిసిన వాన ఆ చిల్లుల్లోంచి మెల్లగా కిందికి దిగుతుంది. కింద బంకమన్ను పొర, దాని కింద నల్లరాయి అడ్డం పడతాయి. ఇక దిగడానికి దారి లేక నీరు పక్కకు మళ్ళుతుంది. పీఠభూమి అంచు ఎక్కడ తెగిందో అక్కడ ఊటగా బయటికొస్తుంది. కొత్త కుండ ఎలా చెమరుస్తుందో ఈ ఎర్రగట్టు కూడా తన అంచు పొడుగునా అలా చెమరుస్తూ ఉంటుంది. బీదర్‌లో పేరున్న ఊటలన్నీ ఆ అంచునే ఉన్నాయి. ప్రతి ఊట దగ్గరా ఒక గుడో, గురుద్వారానో, తోటో వెలిసింది. మీరు చేయవలసిందల్లా ఆ అంచు పట్టుకుని నడవడమే.

పడమటి వైపు నుంచి మొదలుపెడదాం. పాత ఊరి నుంచి కాస్త దూరం పోతే గురుద్వారా నానక్ ఝీరా సాహిబ్. 16వ శతాబ్దం మొదట్లో, 1510 తర్వాతి ఏళ్ళలో, గురునానక్ దక్షిణాది యాత్రలో ఇక్కడికి వచ్చారని సిక్కుల విశ్వాసం. ఊళ్ళో మంచినీళ్ళకు కటకటగా ఉందని జనం మొరపెట్టుకుంటే, ఆయన తన పావుకోడుతో ఒక రాయిని కదిపారట, అక్కడి నుంచి తియ్యని నీటి ఊట పుట్టిందట. ఇప్పుడున్న గురుద్వారాను 1948లో కట్టారు. ఆ నీరు రాతి కింద నుంచి వచ్చి అమృత కుండంలోకి చేరుతుంది. గురు గోవింద్ సింగ్ మొదట దీక్ష ఇచ్చిన ఐదుగురిలో, అంటే పంచ ప్యారేలలో, ఒకరైన భాయి సాహిబ్ సింగ్ ఈ ఊరివారే. అందుకే సిక్కుల క్షేత్రమైన నాందేడ్‌కు వచ్చిన పంజాబు యాత్రికులు ఇక్కడికీ వస్తారు. మీరు సైకిల్ ఒక పక్కన నిలిపి, తలకు గుడ్డ కట్టుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళండి. ఎవరు, ఏ ఊరు అని ఎవరూ అడగరు. లంగరులో, అంటే గురుద్వారా భోజనశాలలో, బంతిలో కూర్చోబెట్టి వేడి రొట్టె, పప్పు పెడతారు. రొట్టె అందుకునేటప్పుడు రెండు చేతులూ చాచాలి, అది అక్కడి మర్యాద.

అక్కడి నుంచి ఇంకా పడమటికి, ఉద్గీర్ వైపు పోయే దారిలో పాపనాశం వస్తుంది. రోడ్డు మీద నుంచి చూస్తే ఏమీ కనబడదు. పీఠభూమి ఉన్నట్టుండి లోపలికి విరిగి, ఒక పచ్చటి లోయ అయింది. మెట్లు దిగి వెళ్తే శివాలయం, దాని కింద ఊటనీటి కోనేరు. లంక నుంచి తిరిగి వస్తూ రాముడు ప్రతిష్ఠించిన లింగమని స్థలపురాణం చెబుతుంది. శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్తే చెట్ల మీద పిట్టల కూత, కోనేట్లో ఎవరో బట్టలు జాడిస్తున్న చప్పుడు. పైన గట్టు మీద ఎర్రమట్టి ఎండి పగిలి ఉంటుంది, కింద చెట్ల మొదళ్ళు తడిగా ఉంటాయి. మధ్య ఎత్తు తేడా పెద్దగా ఉండదు. కాళ్ళతో దిగినప్పుడు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. కారులో తలుపు దగ్గర దిగినవాళ్ళకు చల్లగా ఉంది అన్న మాట మాత్రమే మిగులుతుంది.

ఇప్పుడు ఊరికి తూర్పు వైపు పోదాం. మంగళ్‌పేట దాటాక కొండ కింద ఝరణీ నరసింహస్వామి గుహ. బీదర్ నీళ్ళలో అన్నిటికంటే ఎక్కువ మంది తెలుగువాళ్ళు చూసినది ఇదే కావచ్చు. హైదరాబాదు నుంచి, జహీరాబాద్ నుంచి, నారాయణఖేడ్ నుంచి శని ఆదివారాల్లో కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. ఇక్కడ దేవుణ్ణి చూడాలంటే నీళ్ళలో నడవాలి. కొండలోకి తొలిచిన సొరంగంలో దాదాపు 300 మీటర్ల దూరం. మొదట్లో మోకాళ్ళ దాకా ఉన్న నీరు లోపలికి పోయేకొద్దీ నడుము దాకా, ఛాతీ దాకా వస్తుంది. చిన్నపిల్లల్ని తండ్రులు భుజాల మీద ఎక్కించుకుంటారు. వెనకనుంచి ఎవరో "గోవిందా" అంటారు, ఆ కేక సొరంగం చివర తగిలి తిరిగి వస్తుంది. పైకప్పుకు గబ్బిలాలు వేలాడుతూ ఉంటాయి. కాలి కింద నేల మెత్తగా, చల్లగా తగులుతుంది. ఒక పక్క వెళ్ళేవాళ్ళు, ఒక పక్క వచ్చేవాళ్ళు. ఎదురైన ముసలమ్మకు కుర్రాళ్ళు పక్కకు జరిగి, "మెల్లగా రా అవ్వా, ఈ గోడ పట్టుకో" అంటూ చెయ్యి అందిస్తారు. చిట్టచివర చిన్న చోటు, గోడమీద స్వామి, పక్కన శివలింగం. హిరణ్యకశిపుణ్ణి చంపిన తర్వాత నరసింహుడు ఇక్కడి గుహలో ఉన్న ఝరాసురుణ్ణి కూడా వధించాడనీ, ఆ రాక్షసుడే నీరై స్వామి పాదాల దగ్గర ప్రవహిస్తున్నాడనీ కథ.

కథను కథగా నమ్మండి. దానితోపాటు ఆ గోడను కూడా చేత్తో తడిమి చూడండి. గరుకుగా, చిల్లులు చిల్లులుగా, తడిగా ఉంటుంది. నేను చెప్పిన ఎర్రరాయి అదే. పైన ఊళ్ళో పడిన వాన ఆ రాతిలో దిగి, మీ ఛాతీ దాకా వచ్చి నిలిచింది. భక్తికీ భూగోళ శాస్త్రానికీ అక్కడ తగాదా లేదు. రెండూ ఆ నీటికి దణ్ణం పెట్టమనే చెబుతాయి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నీటి మట్టాన్ని బట్టి, లోపలి గాలిని బట్టి గుహను అప్పుడప్పుడు మూసేస్తుంటారు. బయలుదేరే ముందు కనుక్కోండి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు బయటే దణ్ణం పెట్టుకోవడం మంచిది.

కోట గురించి వివరంగా చెప్పుకుంటే ఈ ప్రసంగం చాలదు. బహమనీ సుల్తాను అహ్మద్ షా తన రాజధానిని గుల్బర్గా, అంటే ఇప్పటి కలబురగి, నుంచి ఇక్కడికి మార్చాక 1430 ప్రాంతంలో ఈ కోటను కట్టించాడు. రంగీన్ మహల్, సోలా ఖంబా మసీదు అందరూ చూస్తారు. మీరు మాత్రం కందకం ఒడ్డున కాసేపు నడవండి. ఒక వైపు కందకం మూడు వరుసలుగా ఉంటుంది. మధ్యమధ్య రాతిని గోడల్లా వదిలేసి, అటూ ఇటూ తవ్వుకుంటూ పోయారు. ఇదంతా పేర్చిన కట్టడం కాదు, ఒకే ఎర్రరాతిని తొలిచిన పని. లాటరైట్‌కు ఒక గుణం ఉంది. తవ్వేటప్పుడు మెత్తగా తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకే ఆరు వందల ఏళ్ళనాటి ఉలి గాట్లు ఇప్పటికీ చెరగలేదు. ఒకే రాయి ఈ ఊరికి కోటగోడ అయింది, కందకం అయింది, నీటితొట్టి అయింది. బిద్రీ పనివాళ్ళు తమ సామానుకు ఆ నల్లటి నిగారింపు తేవడానికి వాడే మన్ను కూడా పాత కోటలోదే.

ఈ కోటను చూసిన దూరదేశపు బాటసారుల్లో అఫనాసీ నికితిన్ ఒకడు. రష్యాలోని త్వేర్ పట్టణపు వర్తకుడు. వాస్కో డ గామా కంటే పాతికేళ్ళకు పైగా ముందే వచ్చి, అమ్ముకుందామని తెచ్చిన ఒక్క గుర్రాన్ని చివరికి బీదర్‌లో అమ్మి, ఇక్కడి సంతలు, పండుగలు, సుల్తాను ఊరేగింపులు అన్నీ రాసిపెట్టాడు. ఒక ఊరి గురించి అంత రాయగలిగాడంటే, ఆ ఊళ్ళో తాపీగా, జనం మధ్య తిరిగాడు కాబట్టే.

కోట నుంచి తూర్పుగా గట్టు దిగితే అష్టూరు. సైకిల్‌కు ఇంతకంటే మంచి దారి బీదర్‌లో లేదు. ముందు ఎడమ పక్క చౌఖండీ వస్తుంది, ఇరాన్ నుంచి వచ్చిన సూఫీ వంశీకుడు ఖలీలుల్లా సమాధి. తర్వాత పొలాలు. కంది, జొన్న, సోయా. ఎర్రమట్టి పోయి నల్లమట్టి ఎక్కడ మొదలైందో చక్రాల కిందే తెలిసిపోతుంది. ఆ పొలాల మధ్య వరసగా బహమనీ సుల్తానుల గుమ్మటాలు. పైన వాయుసేన శిక్షణ విమానాల హోరు. హుమాయూన్ షా గుమ్మటం పిడుగుపాటుకు సగం కూలిపోయి, కోసిన పండులా లోపలి పొరలన్నీ చూపిస్తూ నిలబడింది. అహ్మద్ షా సమాధిలో చీకటి. అక్కడి కాపలాదారు గుమ్మం దగ్గర అద్దం పట్టుకుని ఎండను లోపలికి మళ్ళిస్తాడు. ఆ వెలుగు పడ్డచోటల్లా బంగారు, సిందూర రంగుల పూలు, అక్షరాలు లేచి వస్తాయి.

ఆ సుల్తాను 1436లో పోయాడు. ముస్లిములు ఆయన్ను వలీ, అంటే సాధువు, అంటారు, లింగాయతులు తమ గురువైన అల్లమప్రభు అవతారమంటారు. ఏటా హోలీ తర్వాత, హిందూ తిథుల ప్రకారం, ఆయన ఉరుసు జరుగుతుంది. కలబురగి జిల్లాలోని మడియాళ నుంచి ఒక జంగమయ్య భక్తులతో ఊరేగింపుగా వచ్చి ఆ ఉత్సవానికి పెద్దగా నిలుస్తారు. బీదర్‌లో నీరు ఎలా అందరిదో, ఈ సమాధి కూడా అలా అందరిదయింది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వద్దాం. అది కంటికి కనబడదు, ఎందుకంటే అది నేల కింద ఉంది. బీదర్ అంచున నౌబాద్ అనే పేట ఉంది. అక్కడ బయలు నేలలో వరసగా గోతుల్లాంటి బావులు కనబడతాయి. ఒక్కొక్క దాన్నీ చూస్తే పాడుబడ్డ బావి అనిపిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి నడుచుకుంటూ పోతేనే అవన్నీ ఒక వరుసలో ఉన్నాయని, ఆ వరుస వాలు వెంట పోతోందని తెలుస్తుంది. ఆ బావులన్నిటినీ కింద కలుపుతూ ఒక సొరంగం ఉంది. పారసీకంలో దీన్ని కరేజ్ అంటారు, ఇక్కడి జనం సురంగ బావి అంటారు.

బహమనీల కాలంలో ఇరాన్ నుంచి పండితులు, కవులు, వర్తకులు, పనివాళ్ళు బీదర్‌కు వచ్చారు. వాళ్ళ వెంట ఈ విద్యా వచ్చింది. పద్ధతి ఇది. ఎత్తులో, నీరు బాగా నిలిచే చోట తల్లి బావి తవ్వుతారు. అక్కడి నుంచి పల్లపు ఊరి దాకా నేల కింద సొరంగం తీస్తారు. వాలు అతి కొద్దిగా ఉండాలి. ఎక్కువైతే నీటి వేగానికి సొరంగం కోసుకుపోతుంది, తక్కువైతే పూడిక పడుతుంది. తవ్విన మట్టిని పైకి తోడటానికి, లోపలి మనిషికి గాలీ వెలుతురూ అందడానికి, తర్వాత రోజుల్లో చేద వేసి నీళ్ళు తోడుకోవడానికి మధ్యమధ్య నిలువు బావులు. మోటారు లేదు, కరెంటు లేదు, కపిల లేదు. నేల వాలే నీటిని మోసుకొస్తుంది. పైన ఎండ ఎంత కాసినా నీడలో నడిచే నీరు ఆవిరైపోదు. ఇరాన్ ఎడారి కోసం పుట్టిన ఈ విద్య బీదర్ ఎర్రరాతిలో చక్కగా కుదురుకుంది. ఎందుకంటే ఆ రాయి తవ్వడానికి వీలుగా ఉంది, తవ్వాక కూలకుండా ఉంది, నీటిని ఊరుస్తూ ఉంది.

బీదర్‌లో ఇలాంటివి నౌబాద్, శుక్లతీర్థం, జమ్నామోరి అని పేరుపడ్డవి ఉన్నాయి. కేరళలోని చిట్టూరు ప్రభుత్వ కళాశాలలో భూగోళ శాస్త్రం చెప్పే వలియిల్ గోవిందన్‌కుట్టి ఈ సురంగాల జాడ పట్టి, పటాలు గీసి, నౌబాద్ వరుసలో 21 బావులు గుర్తించారు. సొరంగం పొడవు సుమారు 3 కిలోమీటర్లు. 2015 ప్రాంతంలో జిల్లా అధికారులు పూడిక తీయించే పని చేపట్టారు. దశాబ్దాలుగా పేరుకున్న మట్టి, చెత్త పోయాక నీరు మళ్ళీ కదిలింది. 2016లో యునెస్కో ఇరాన్ కనాత్‌లను, అంటే ఇలాంటి సొరంగ బావులనే, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దక్కను పీఠభూమిలోని చారిత్రక నీటి వ్యవస్థలను కాపాడుకోవలసిన వాటి 2020 జాబితాలో పెట్టింది. ఇక్కడి మనిషి మరిచిపోయినదాన్ని ప్రపంచం గుర్తు చేసింది.

నౌబాద్ బావుల్లో ఒకదాని ఒడ్డున జాగ్రత్తగా మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూడండి. పైన గోడ ఎండిపోయి ఎర్రగా ఉంటుంది. సగం దూరం దిగాక రంగు చిక్కబడుతుంది, అక్కడక్కడ నాచు. గడ్డపారతో కొట్టిన గాట్లు ఏటవాలుగా ఒకదాని కింద ఒకటి కనబడతాయి. అడుగున నీరు ఉందా లేదా అని ముందు తెలియదు. కాసేపు చూస్తే ఆకాశం ముక్క ఒకటి అక్కడ మెల్లగా వణుకుతుంది. వణికిందంటే నీరు కదులుతోందన్నమాట. లోపలికి దిగే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయొద్దు. చూడటం చాలు.

చూశాక తల ఎత్తి చుట్టూ చూడండి. బావి పక్కనే కొత్త ప్లాట్ల హద్దురాళ్ళు, బోరు వేసే లారీ, కొంచెం అవతల ప్లాస్టిక్ చెత్త. సొరంగానికి నీరు అందాలంటే పైన వాన ఇంకే నేల ఖాళీగా ఉండాలి. ఆ నేల మీద సిమెంటు పోసేస్తే వాన కాలవల్లోకి పరిగెత్తి పోతుంది. సొరంగం కంటే లోతుకు బోరు దించితే నీరు బోరు వైపు జారుతుంది. పైన ఎవరో వేసిన బోరుకూ, రెండు మైళ్ళ అవతల గట్టు కింద ఎండిన ఊటకూ సంబంధం ఉందని ఎవరికి తెలుస్తుంది? బావి నుంచి బావికి, గట్టు పై నుంచి గట్టు కిందికి నడిచినవాళ్ళకు తెలుస్తుంది. నడక మీదా సైకిల్ మీదా నాకున్న నమ్మకం ఇందుకే. ఒళ్ళు గట్టిపడటం, గాలి మారటం అవి ఇచ్చే చిన్న లాభాలు. రెండు చోట్ల మధ్య ఉన్న నేలను చూపించడం పెద్ద లాభం.

రోజంతా సైకిల్ తొక్కే ఓపిక ఉన్నవాళ్ళకు ఇంకో దారి చెబుతాను. కారంజా నది దారి. మీరు హైదరాబాదు నుంచి రైల్లో వచ్చి ఉంటే, జహీరాబాద్‌కు ముందు కోహీర్ స్టేషను దాటి ఉంటారు. జామపండ్లకు పేరుపడ్డ ఆ కోహీర్ దగ్గరే కారంజా పుడుతుంది. మన నేల మీద పుట్టి, బీదర్ జిల్లాలోకి వెళ్ళి, భాల్కి తాలూకా బ్యాలహళ్ళి దగ్గర కట్టిన ఆనకట్ట వెనక పెద్ద జలాశయమై, ఆ తర్వాత మంజీరాలో కలుస్తుంది. ఆ జలాశయం ఒడ్డు తిన్నగా ఉండదు. నీరు పొలాల మధ్యకు వేళ్ళు చాపినట్టు పాయలు పాయలుగా చొచ్చుకొచ్చి చిన్న చిన్న కోనలు చేసింది. చలికాలం పొద్దున్నే ఒక పాయ ఒడ్డున సైకిల్ ఆపితే తెల్లటి కొంగలు, నీటికాకులు, వల విసిరే జాలరి కనబడతారు. మెట్ట చేలలో శనగ పచ్చగా ఉంటుంది. దారిలో ఏ ఊళ్ళో ఆగినా జొన్నరొట్టె, పప్పు దొరుకుతాయి. మన జహీరాబాద్ జొన్నరొట్టెకూ వాళ్ళ రొట్టెకూ తేడా చెప్పమంటే చెప్పలేరు.

తిరుగు దారిలో సరిహద్దు దాటి ఝరాసంగం వైపు రావచ్చు. అక్కడ కేతకీ సంగమేశ్వరుడి గుడి, దాని వెనక గుండం. శివుణ్ణి మొగలిపూలతో పూజించే క్షేత్రం. ఆ మండలంలోని మాచునూరులోనే 2008 అక్టోబరు 15న పల్లె ఆడవాళ్ళు నడిపే సంఘం రేడియో మొదలైంది. విత్తనాల గురించి, వానల గురించి, పంటల గురించి వాళ్ళే మాట్లాడి, వాళ్ళే ప్రసారం చేశారు. రేడియో వినేవాళ్ళుగా మనం గౌరవంగా తలుచుకోవలసిన ఊరు అది.

ఇక కారంజా కలిసిన మంజీరా ఎక్కడికి పోతుంది? మహారాష్ట్ర బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, లాతూరు మీదుగా, బీదర్ మీదుగా సంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది. సింగూరులో ఆగుతుంది. దాని కింద మంజీరా అభయారణ్యంలో మొసళ్ళకు, వలస పిట్టలకు చోటిస్తుంది. ఉత్తరానికి తిరిగి నిజాంసాగర్ నింపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. 1965 నుంచి మంజీరా నీళ్ళు హైదరాబాదు ఇళ్ళకు వస్తున్నాయి, తర్వాత సింగూరు నీళ్ళూ తోడయ్యాయి. అంటే కోహీర్‌లో పుట్టిన చుక్క బీదర్ చుట్టి వచ్చి మళ్ళీ తెలుగు ఇంటికే చేరుతోంది. బీదర్ నీళ్ళు బాగుండటం మన సొంత పని.

2016 వేసవి గుర్తు చేసుకోండి. ఇదే మంజీరా పరీవాహకంలో ఉన్న లాతూరుకు మిరజ్ నుంచి రైలు ట్యాంకర్లలో తాగునీరు తెచ్చారు. ఆ కరువులోనే సింగూరు అడుగంటింది. ఒక నది మీద ఆధారపడ్డ మూడు రాష్ట్రాల ఊళ్ళు ఒకేసారి ఖాళీ బిందెలతో నిలబడ్డాయి. కొన్ని వందల కిలోమీటర్ల అవతలి నీటికి రైలు వేయగలిగినవాళ్ళం, మన ఊరి కిందనే ఉన్న ఊటకు దారి ఎందుకు మూసుకున్నామన్న ప్రశ్న అప్పుడే వేసుకోవలసింది. ఇప్పుడైనా వేసుకుందాం.

బయలుదేరేవాళ్ళకు నాలుగు మాటలు. వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. ఊటలు నిండుగా ఉంటాయి, ఎండ కుట్టదు. నాచు పట్టిన ఎర్రరాయి జారుతుంది, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. దారుల పక్క సర్కారు తుమ్మ ముళ్ళు టైరులో దిగుతాయి, పంక్చరు సామాను, పంపు వెంట ఉంచుకోండి. తెలియని నీళ్ళలో ఈతకు దిగకండి. జలాశయం పాయల్లో బురద లోతు పైకి తెలియదు, మంజీరాలో మొసళ్ళున్నాయి. గుడికో గురుద్వారాకో వెళ్ళినప్పుడు అక్కడి ఆచారం పాటించండి. దారి తెలియకపోతే అడగండి. "అణ్ణా, సురంగ బావి ఎల్లిదె?" అంటే చిన్నపిల్లవాడు కూడా చూపిస్తాడు. తెలుగులో అడిగినా జవాబు వస్తుంది.

పెద్దవాళ్ళకు ఒక విన్నపం. పిల్లల్ని ఒక్కసారి ఈ నీళ్ళ వెంట నడిపించండి. పైన గట్టు మీద మొదలుపెట్టి, నౌబాద్ బావుల వరుస చూపించి, ఝరణీ నరసింహుడి గోడ తాకించి, పాపనాశం మెట్లు దిగనివ్వండి. నీరు ఎక్కడి నుంచి వస్తుందని బడిలో అడిగితే కుళాయి అని చెప్పే పిల్లలు, రాతి నుంచి వస్తుందని, వాన నుంచి వస్తుందని తమ కాళ్ళతో తెలుసుకుంటారు. అలా తెలుసుకున్న పిల్లలు ఏ బావిలోనూ చెత్త వేయరు.

మీ ఊళ్ళో కూడా ఒక కోనేరో, పాత మెట్ల బావో, చెరువు తూమో ఉండే ఉంటుంది. వచ్చే ఆదివారం సైకిల్ తీసి దాని దాకా వెళ్ళండి. అది నిండి ఉందా, పూడి ఉందా చూడండి. దానికి నీరు ఏ వైపు నుంచి రావాలో, ఆ దారి తెరిచి ఉందో లేదో ఆ వాలు వెంట నడిచి చూడండి. మూసుకుపోయి ఉంటే పంచాయతీలో చెప్పండి, పురపాలక సంఘంలో చెప్పండి, నలుగురూ కలిసి అడగండి. నీటి దారి తెరిచి ఉంచడం ఆ నీళ్ళు తాగే ప్రతివాళ్ళ బాధ్యత.